చల్లారిన నిప్పు, వెళ్ళిపోయిన కెమెరా

తెల్లవారుజామున అనంతపురంలో బయలుదేరి తాడిపత్రి, బెలుం గుహలు, యాగంటి, బనగానపల్లె చూసుకుని రాత్రి భోజనం వేళకు తిరిగి రావడం ఒక్క రోజు పని. రానుపోను 250 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. పది పన్నెండు మంది పట్టే వ్యాను, దారి తెలిసిన డ్రైవరు, నాలుగు మాటలు విడమరచి చెప్పగల గైడు ఉంటే చాలు. ఈ దారిలో రెండు రకాల చోట్లు తగులుతాయి. కొన్ని సినిమాలు తీసిన చోట్లు. కొన్ని భూమి తన కడుపులోని సంగతి బయటపెట్టిన చోట్లు. అక్కడక్కడ ఈ రెండూ ఒకే రాతి మీద కలుస్తాయి.

సినిమా చోటునూ భూగర్భపు వింతనూ ఒకే రోజులో చూపించే పద్ధతికి పేరు తెచ్చిన దేశం న్యూజిలాండ్. ఆక్లండ్‌లో పొద్దున్నే బయలుదేరే చిన్న బస్సులు మొదట మాటమాటా దగ్గరి గొర్రెల పొలానికి వెళ్తాయి. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం 1998లో విమానంలోంచి చూసి ఎంచుకున్న పొలం అది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కోసం అక్కడ కట్టిన పొట్టివాళ్ల ఊరే హాబిటన్. మధ్యాహ్నానికి బస్సు రోటొరువా చేరుతుంది. అక్కడ నేల గంధకం వాసన కొడుతుంది, బురద కుతకుతలాడుతుంది, పొహుటు అనే వేడినీటి బుగ్గ 30 మీటర్ల దాకా ఎగజిమ్ముతుంది. ఐస్‌లాండ్‌లోనూ ఇదే తీరు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తీసిన లోయ పొద్దున, కొన్ని నిమిషాలకోసారి పైకి చిమ్మే స్ట్రోకుర్ బుగ్గ మధ్యాహ్నం.

అనంతపురం పీఠభూమిలో అలా చిమ్మే వేడినీళ్లు లేవు. మంచినీళ్లకే కటకట. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పడమటి కనుమలు వానను అడ్డుకుంటే, ఆ చాటున మిగిలిన నేల ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బు పట్టని ఆకాశం రైతుకు శాపం, కెమెరాకు వరం. ఇక భూమి వేడి విషయానికొస్తే, అది ఇక్కడ ఆవిరిగా కనబడదు. రాయిలో, బుగ్గలో, గుహలో దాని జాడ పట్టుకోవాలి.

ఈ నేల ఎందుకు చల్లన

అనంతపురం కింద ఉన్నది ధార్వాడ్ శిలాపీఠం. భూమ్మీది అతి పాత రాతిగడ్డల్లో ఇదొకటి. ఇందులోని రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లు, కొన్నిచోట్ల 300 కోట్లు దాటుతుంది. కొత్తగా గట్టిపడ్డ నేల వేడిగా ఉంటుంది, ముసలి నేల చల్లబడి ఉంటుంది. న్యూజిలాండ్ కింద రెండు భూఫలకాలు ఈనాటికీ ఒకదాని కిందకి ఒకటి దూరుతున్నాయి. ధార్వాడ్ కింద అలాంటి కదలిక ఎప్పుడో ఆగిపోయింది.

ఈ చల్లదనాన్ని లెక్కగట్టి చూపిన చోటు కోలార్ బంగారు గనులు. 19వ శతాబ్దం చివర్లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టి, తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ చేతికి వచ్చి, 2001 ఫిబ్రవరిలో మూతపడ్డ ఆ గనుల్లో మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటింది. పనిచేసేవాళ్లకు అది కొలిమే. పైనుంచి చల్లగాలి కొడితే తప్ప నిలబడలేరు. కానీ భూశాస్త్రం లెక్కలో అది తక్కువ వేడి. ప్రపంచంలో చాలాచోట్ల కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. కోలార్‌లో పెరిగింది సుమారు 12 డిగ్రీలు. ఆ లెక్కన ఇక్కడి నేలలో నీళ్లు కాగే వేడి తగలాలంటే ఆరు కిలోమీటర్లు తవ్వాలి. వెయ్యి అడుగుల బోరులోనే నీళ్లు పడని సీమలో ఆరు కిలోమీటర్ల మాట వింటే ఏ రైతైనా నవ్వుతాడు.

అయితే ఈ నేల ఎప్పుడూ చల్లగానే లేదు. అనంతపురం చుట్టుపక్కల ఎర్రమట్టి చేల మధ్య నల్లగుండ్లు వరసకట్టిన గట్లు కనిపిస్తాయి. ఎవరో తెచ్చి పేర్చినట్టు ఊరి పొలిమేరలు దాటి కిలోమీటర్ల కొద్దీ తిన్నగా సాగిపోతాయి. నేలలో పడ్డ పగుళ్లలోకి కింది నుంచి కరిగిన రాయి ఎగబాకి గడ్డకట్టగా ఏర్పడ్డ డోలరైట్ గోడలవి. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోయి ఇవి గట్టుగా తేలాయి. తాడిపత్రి, పులివెందుల వైపు ఇదే కరిగిన రాయి నిలువుగా లేవకుండా రాతిపొరల మధ్య పరుపులా పరుచుకుంది. పులివెందుల దగ్గరి పొర వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. దాని సెగ సోకిన సున్నపురాయి రూపం మారి ఒకచోట రాతినార అయింది, మరోచోట బలపపు రాయి అయింది. పలక మీద అక్షరాలు దిద్దించిన ఆ బలపం వెనుక ఇంత నిప్పు ఉంది.

తాడిపత్రి దాకా

అనంతపురం నుంచి తాడిపత్రి 55 కిలోమీటర్ల దూరం. మొదటి సగంలో గుండ్రటి గ్రానైటు గుట్టలు, చెనిక్కాయ చేలు. తర్వాత కొండల వరస దాటగానే నేల తీరు మారుతుంది. గుండ్లు పోయి పలకలు మొదలవుతాయి. కడప రాతిబేసిన్‌లో అడుగుపెట్టిన గుర్తు అది. ఇళ్ల గోడలు, చేని గట్లు, టీకొట్టు ముందు అరుగు, అన్నీ నాపబండలే. పొద్దుటి ఫలహారం ఇక్కడే కానిస్తే మంచిది. మరమరాలు నానేసి తాలింపు పెట్టిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి ఈ దారిలో ఏ చిన్న హోటల్లోనైనా దొరుకుతాయి. బెలుం దగ్గర అంత తీరిక ఉండదు.

తాడిపత్రిలో రెండు పెద్ద గుళ్లున్నాయి. ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. రెండూ విజయనగర కాలం నాటి పెమ్మసాని నాయకుల కట్టడాలు. బుగ్గ గుడి గోపురాలు పూర్తికాలేదు. పైకప్పు లేకుండా నిలిచిపోయిన ఆ రాతి గోడల మీది చెక్కడాన్ని ఆకాశపు వెలుతురులో చూడటమే బాగుంటుంది. రోజు ప్రయాణానికి వచ్చేవాళ్లు చాలామంది వెంకటరమణ స్వామి గుడిలోని రాతి రథం ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. బుగ్గ గుడికి వెళ్లకపోతే ఈ యాత్ర మొదటి పాఠం తప్పిపోతుంది.

సీమ భాషలో బుగ్గ అంటే నేలలోంచి తనంతట తాను ఊరే నీళ్లు. ఈ గుడిలో లింగం అడుగున నీళ్లు ఊరుతాయి. పక్కనున్న పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక. నది ఎండినా దేవుడి పానవట్టం తడిగా ఉండటం భక్తులకు మహిమ. భూగర్భ శాస్త్రం దాన్ని రాతిపొరల పగుళ్ల లెక్కగా చెబుతుంది. ఎక్కడో ఎత్తున ఇంకిన వాననీరు గట్టి పొర అడ్డుతగిలిన చోట పైకి వస్తుంది. ఇలాంటి బుగ్గల వరస తాడిపత్రి నుంచి యాగంటి, మహానంది, ఓర్వకల్లు దగ్గరి కాల్వబుగ్గ దాకా ఉంది. ప్రతి బుగ్గ దగ్గరా ఒక శివుడున్నాడు.

సినిమా సంగతికొస్తే తాడిపత్రి ప్రాంతం చోటుగా కాదు, మనిషిగా పనికొచ్చింది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డి పుట్టింది ఈ ప్రాంతంలోనే. పెన్న ఒడ్డున అంత శిల్పం పెట్టుకుని, ఆయన మాయాలోకాలన్నీ మద్రాసు స్టూడియోల్లో చెక్కతో, గుడ్డతో, ప్లాస్టర్‌తో కట్టించారు. ఆ రోజుల్లో కెమెరాలు, లైట్లు ఊరూరూ తిప్పడం తలకు మించిన ఖర్చు. సీమ రాళ్లు తెరకెక్కడానికి ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

బెలుం: ఏడాదంతా ఒకే ఋతువు

తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్లు. దారి పొడవునా నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహలు 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పొడవు 3,229 మీటర్లు. భారత ఉపఖండపు మైదాన ప్రాంతంలో ఇంత పొడవైన గుహ మరొకటి లేదు. ఇంతకంటే పొడవైన గుహలన్నీ మేఘాలయ కొండల్లో ఉన్నాయి. 1884లో భూశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1980ల మొదట్లో, డానియెల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. రాష్ట్ర పర్యాటక సంస్థ 1999లో చేతికి తీసుకుని, పూడిక తీయించి, దీపాలు పెట్టించి 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు కిలోమీటరున్నర దాకా నడవవచ్చు.

బయటి నుంచి చూస్తే గుహ ఉన్నట్టే తెలియదు. చదునైన చేని మధ్య దిగుడు బావి లాంటి గొయ్యి, అందులోకి మెట్లు. ఇరవై మెట్లు దిగేసరికి ఎండ తెగిపోతుంది. నల్లటి సున్నపురాయిని వేల ఏళ్లు నీరు కొరికి తొలిచిన దారులవి. గోడల మీద నీరు పారిన ఆనవాళ్లు అలలు అలలుగా ఉంటాయి. చేత్తో తడిమితే నున్నగా తగులుతాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న బురదే ఈ రాయి. వంటింటి గచ్చులో పరిచే నాపబండ ఈ రాతికి తోబుట్టువే. ఒకదాన్ని మనిషి పలకలుగా చీల్చాడు, ఇంకోదాన్ని నీరు గుహగా మలిచింది.

సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ అని గైడు పేర్లు చెబుతూ తీసుకెళ్తాడు. సప్తస్వరాల గుహలో వేలాడే రాతిని కణుపుతో తడితే కంచు మోగినట్టు మోగుతుంది. ఇక్కడే చిన్న గుంపు విలువ తెలుస్తుంది. పదిమంది ఉంటే అందరూ వినగలరు. యాభైమంది బస్సు దిగితే వినిపించేది అరుపులే. కొన్నిచోట్ల ఒంగి నడవాలి, ఒకరి వెనుక ఒకరే పోవాలి. చివర పాతాళగంగ ఉంటుంది. ద్వారం మట్టం నుంచి 46 మీటర్ల లోతున సన్నటి నీటిధార ఒకటి రాతి కంతలోకి జారి మాయమవుతుంది. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావిలో తేలుతుందని ఊరివాళ్ల నమ్మకం.

పాతాళగంగ దాకా వెళ్లినవాళ్ల చొక్కాలు తడిసి ముద్దవుతాయి. లోపల ఇంత వేడేమిటని అడగనివారుండరు. నిజానికి అది వేడి కాదు, ఉక్క. నేల పైభాగం ఎండకు కాగుతుంది, రాత్రికి చల్లారుతుంది, చలికాలం ఇంకా చల్లబడుతుంది. పది పదిహేను మీటర్ల కిందకి ఈ హెచ్చుతగ్గులు చేరవు. అక్కడ రాయి ఏడాది సగటు వేడి దగ్గర నిలిచిపోతుంది. అందుకే మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు గుహలోకి దిగితే మొదట హాయిగా ఉంటుంది. డిసెంబరు పొద్దున దిగితే వెచ్చగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ గాలి ఆడక, తేమ పెరిగి చెమట ఆరదు. గాలి అందేలా పైనుంచి గొట్టాలు దింపారు. ఉబ్బసం ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కోటిలింగాల దగ్గరే ఆగిపోవడం మంచిది.

గుహలో ఒకప్పుడు జైన, బౌద్ధ సన్యాసులు ఉండేవారని చెబుతారు. బయట నిలబెట్టిన పెద్ద బుద్ధుడి బొమ్మ కొత్తది. పాతదనుకుని దాని ముందు ఎక్కువసేపు గడిపేవాళ్లే ఎక్కువ.

యాగంటి నీళ్లు, అరుంధతి మేడ

బెలుం నుంచి అవుకు మీదుగా బనగానపల్లె, అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లలో యాగంటి. ఎర్రమల కొండల మడతలో ఉమామహేశ్వరుడి గుడి ఉంది. కొండగోడ నిటారుగా లేచి గుడిని మూడు వైపులా కమ్ముకున్నట్టు ఉంటుంది. వ్యాను దిగినవాళ్లు ముందు నంది దగ్గరికి పరుగెడతారు. ఈ నంది ఏటేటా పెరుగుతోందని, ప్రదక్షిణ చేసే సందు అందుకే మూసుకుపోయిందని చెప్పుకుంటారు. కాకులు ఈ కొండకు రావని అగస్త్యుడి శాపం కథ మరొకటి. వీరబ్రహ్మేంద్రస్వామి కూర్చున్న గుహ అని ఒకదాన్ని చూపిస్తారు. బ్రహ్మంగారి కాలజ్ఞానంలో యాగంటి బసవన్న ప్రస్తావన ఉంది గనుక నంది కొలత ఈ సీమలో ఒట్టి రాతి విషయం కాదు.

కానీ ఈ యాత్రలో యాగంటి ఉండాల్సింది నంది కోసం కాదు, కోనేటి కోసం. కొండలో ఇంకిన నీరు నంది నోట్లోంచి కోనేట్లోకి సన్నగా దూకుతుంది. చుట్టూ చేలు బీటలు వారిన ఏడాదిలో కూడా ఆ ధార ఆగదు. కార్తీక మాసంలో తెల్లవారుజామున ఆ నీళ్లలో దిగినవారు గోరువెచ్చగా ఉన్నాయంటారు. వైశాఖంలో దిగినవారు ఒళ్లు జిల్లుమందంటారు. మహానంది కోనేటి గురించీ ఇదే మాట. ఇద్దరూ చెప్పేది నిజమే. నీరు మారలేదు, చుట్టూ గాలి మారింది. బెలుం గుహలో చొక్కా తడిపినదీ, యాగంటి కోనేట్లో చలి పోగొట్టినదీ ఒకే సూత్రం. నేల లోతుల్లో ఋతువులు లేవు. రోటొరువాలో భూమి వేడి అరిచి చెబుతుంది, ఇక్కడ చెయ్యి ముంచితేనే చెబుతుంది. ఒక థర్మామీటరు వెంట తెచ్చి కోనేటి నీళ్లూ ఆ పక్క గాలీ కొలిచి చూపే గైడు దొరికితే పిల్లలు ఈ ముక్క మరిచిపోరు.

యాగంటి చూశాక మళ్లీ బనగానపల్లె. మామిడిపండుకు పేరిచ్చిన ఈ ఊరు 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా నవాబుల చిన్న సంస్థానం. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి బయట ఎత్తు మీద నవాబుల నాటి మేడ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. కమానుల వరసలు, చుట్టూ ఖాళీ నేల, వెనుక ఆకాశం తప్ప మరేమీ లేదు. 2009 సంక్రాంతికి విడుదలైన ‘అరుంధతి’లో కనిపించే కోట ఇదే. కోడి రామకృష్ణ దర్శకత్వంలో, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాణంలో వచ్చిన ఆ సినిమాలో ఇది గద్వాల సంస్థానంగా నటించింది. అసలు గద్వాల కోట తుంగభద్రకు అవతల తెలంగాణలో ఉంది, దానికి దాని గుడి, దాని ప్రాకారం ఉన్నాయి. అయినా తెర మీద గద్వాల అంటే జనం కళ్ళకు కట్టింది బనగానపల్లె మేడే. జేజెమ్మగా అనుష్క, పశుపతిగా సోనూ సూద్ ఈ గోడల నీడలో నిలిచారు.

ఇప్పుడు దీన్ని నవాబు బంగ్లా అనేవాళ్లు తక్కువ. ఆటోవాళ్లను అడిగినా, సెల్‌ఫోన్ మ్యాపులో వెతికినా అరుంధతి కోటే. రెండు వందల ఏళ్లు ఏలిన వంశం పేరును రెండు గంటల పైచిలుకు సినిమా పక్కకు నెట్టేసింది. సినిమా వాళ్లు కొన్నాళ్లుండి సరంజామా సర్దుకుని వెళ్ళిపోయారు, మిగిలింది పేరే. ఈ సీమలో నిప్పూ అంతే, ఎప్పుడో వచ్చి పోయింది, రాయి మిగిలింది. మేడను సాయంత్రం చూడటం మేలు. పడమటి వెలుతురు కమానుల్లోంచి అడ్డంగా పడే అరగంట కోసమే దర్శకులు ఇలాంటి చోట్లు వెతుక్కుంటారు. చీకటి పడకముందే దిగి వచ్చేయాలి. అది దయ్యాల భయంతో కాదు, పాత కట్టడం కాబట్టి.

మరో దిక్కున

ఒకే రోజులో గండికోట కూడా కలుపుకుందామని చాలామంది ఆశపడతారు. కలపకూడదు. గండికోటకు ఒక సాయంత్రం మొత్తం ఇవ్వాలి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్ల దూరంలో, పెన్న ఎర్రటి రాతిని నిలువునా కోసిన గండి అంచున ఉంది కోట. గండి లోతు మూడు వందల అడుగుల దాకా ఉంటుంది. భూశాస్త్రజ్ఞులు ఆ గట్టి రాతిపొరకు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. లోపల పెమ్మసాని నాయకుల కాలపు మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 2023 ఆరంభంలో శంకర్ ‘ఇండియన్ 2’ కోసం కమల్ హాసన్‌తో ఇక్కడ చిత్రీకరణ జరిపినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కోటకు కదిలాయి.

కర్నూలు వైపు వెళ్తే ఓర్వకల్లు రాతివనం ఉంది. 2013 జులై 6న ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది ఇక్కడే. కాల్వబుగ్గ శివాలయం అదే మండలంలో ఉంది గనుక బుగ్గ, సినిమా అక్కడ కూడా జంటే. కర్నూలు కొండారెడ్డి బురుజుది వేరే కథ. ‘ఒక్కడు’ (2003) ఆ బురుజుకు రాష్ట్రమంతా పేరు తెచ్చింది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’కు వచ్చేసరికి ఆ బురుజునే రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టుగా కట్టారు. నిజమైన బురుజు దగ్గర ట్రాఫిక్ ఆపడం కంటే కొత్త బురుజు కట్టడమే తేలికైంది.

దక్షిణాన రెండు చోట్లున్నాయి, రెండూ కర్ణాటకలో. బెంగళూరుకు 50 కిలోమీటర్ల దూరంలోని రామనగర గుట్టల్లో ‘షోలే’ (1975) కోసం రాంగఢ్ ఊరు కట్టారు. బ్రిటిష్ వాళ్లు ఆ ఊరిని క్లోజ్‌పేట అనేవారు. భూమి లోతున కరిగి గడ్డకట్టిన 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటుకు ఆ పేరే స్థిరపడింది. అక్కడి నుంచి పావగడ మీదుగా హంపి వైపు వందల కిలోమీటర్లు సాగే రాతిపట్టీ అది. గబ్బర్ సింగ్ కూర్చున్న బండకూ అనంతపురం పడమటి అంచు గుట్టలకూ చుట్టరికం ఉందన్నమాట.

రెండోది కోలారే. గనిలోంచి తీసిన రాయిని పిండిచేసి, సైనైడ్‌తో బంగారం కడిగేయగా మిగిలిన పొడి అక్కడ బూడిదరంగు దిబ్బలుగా పేరుకుపోయింది. ‘కేజీఎఫ్’ మొదటి భాగం (2018) ఆ దిబ్బల మీద సెట్లు వేసి తీశారు. దర్శకుడు ప్రశాంత్ నీల్ సొంత ఊరు మడకశిర దగ్గరి నీలకంఠాపురం, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా. భూమి వేడిని మనిషి స్వయంగా వెళ్లి తాకి వచ్చిన గనీ, తెలుగువాళ్లు ఎగబడి చూసిన సినిమా చోటూ ఒక్కటే కావడం ఇక్కడే. గనుల్లోకి సందర్శకులను దింపరు, అనంతపురం నుంచి దూరం కూడా ఎక్కువ. దీనికి ఒక రాత్రి బస పెట్టుకోవాలి.

పడమట, గుంతకల్లుకు దగ్గర్లో వజ్రకరూరు ఉంది. సినిమాతో సంబంధం లేకపోయినా భూగర్భం లెక్కలో జిల్లాలో దీన్ని మించిన చోటు లేదు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట నూట యాభై కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి కరిగిన రాయి అతి వేగంగా పైకి తన్నుకొచ్చి, ముల్లంగి గడ్డ ఆకారంలో నేలలో దిగబడిపోయింది. దాన్ని కింబర్లైట్ గొట్టం అంటారు. అంత లోతున మాత్రమే పుట్టే వజ్రాలను అది దారిలో మోసుకొచ్చింది. పైనున్న అగ్నిపర్వతపు నోరు ఏనాడో అరిగిపోయింది. ఇప్పుడు చూడబోతే నీలిపచ్చ ఛాయ ఉన్న మట్టి, మామూలు చేను. తొలకరి వాన పడి మట్టి కడుక్కుపోగానే ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేలల్లో తలలు వంచుకుని తిరుగుతారు. వాలుగా పడే ఎండలో తళుక్కుమనే రాయి కోసం పొద్దున, సాయంత్రమే వెతుకుతారు.

కాగే నీళ్లు కావాలంటే

దేశంలో వేడినీటి బుగ్గలు మూడు వందలకు పైగా గుర్తించారు. వాటిలో పేరున్నవి లడఖ్‌లోని పూగా, హిమాచల్‌లోని మణికరణ్. తెలుగు నేల మీద వేడినీళ్లు కావాలంటే గోదావరి లోయకు వెళ్లాలి. అక్కడ నేల పాతకాలంలో నిలువునా చీలి కుంగింది. ఆ పగుళ్ల వెంట లోతుకు దిగిన నీరు వేడెక్కి మళ్లీ పైకి వస్తుంది. మణుగూరు ప్రాంతంలో బొగ్గు కోసం సింగరేణి వేసిన బోర్లలో వేడినీళ్లు ఎగదన్నాయి. పగిడేరు దగ్గర ఆ నీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టారు. నీటి వేడి ఆవిరి పుట్టించడానికి చాలదు కాబట్టి, తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని దానితో మరిగించి టర్బైన్ తిప్పే పద్ధతి అది.

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుకను చేత్తో తోడితే వేడినీరు ఊరుతుంది. పక్కనే పారే నది చల్లగా ఉంటుంది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణం మీదే నడిచే ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) చూసినవారికి ఆ దారి కొత్త కాదు. న్యూజిలాండ్ పద్ధతి యాత్రకు అచ్చంగా సరిపోయే చోటు తెలుగువాళ్లకు ఇదొక్కటే. అనంతపురం వాళ్లకు మాత్రం ఇది రెండు రాత్రుల రైలు.

ఎప్పుడు, ఎంతమంది

తాడిపత్రి, బెలుం, యాగంటి దారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అప్పుడైతే కోనేటి వెచ్చదనం కూడా తెలుస్తుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి తప్పించాలి, ఆ రోజుల్లో కోనేటి మెట్లు కూడా కనబడవు. తాడిపత్రి గుళ్లు ముగించుకుని, గుహ తెరిచే వేళకు బెలుం చేరేలా అనంతపురంలో ఆరు గంటలకే కదలాలి. గుహకు రెండు గంటలు, యాగంటికి గంటన్నర, మేడకు ముప్పావుగంట వదులుకోవాలి. పన్నెండు మంది దాటితే గుహలో వెనుకవాళ్లకు గైడు మాట అందదు. ఆరుగురి కంటే తగ్గితే వ్యాను బాడుగ మోయలేనంత అవుతుంది. జారని చెప్పులు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. వజ్రకరూరుకైతే జూన్ తొలివానల తర్వాతి వారం మంచిది. గుండాలకు ఎండాకాలంలోనే వెళ్లాలి, నదికి నీళ్లొచ్చాక ఆ ఇసుక మునిగిపోతుంది.